ఒక్క భావాన్ని చివరిదాకా చెప్పడం ఎలా: ఇంగ్లీషు పరీక్ష జవాబులు రాసేవారికి

ఒక జవాబు పత్రంతో మొదలుపెడతాను. "పల్లెల్లోని యువత పెద్ద నగరాలకు తరలిపోతున్నారు. దీనికి కారణాలేమిటి? ఈ వలస తగ్గాలంటే ఏం చేయాలి?" అన్న ప్రశ్నకు, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చి అనంతపురంలో గది తీసుకుని, విదేశాల్లో చదువుకూ ఉద్యోగానికీ వెళ్లేవారి ఇంగ్లీషును కొలిచే పరీక్ష అయిన ఐఈఎల్‌టీఎస్‌కు చదువుకుంటున్న ఒక విద్యార్థి రాసిన జవాబు అది. మొదటి పేరాలో ఆరు వాక్యాలున్నాయి. పల్లెల్లో వానలు తక్కువ అన్నది మొదటి వాక్యం. ఉద్యోగాలు లేవన్నది రెండోది. మంచి కళాశాలలు లేవు, ఆసుపత్రులు దూరం, నగరంలో జీతాలు ఎక్కువ అని ఆ తర్వాత మూడు వాక్యాలు. చివరిది మనందరికీ కంఠతా వచ్చినదే: "గవర్నమెంట్ షుడ్ టేక్ నెసెసరీ స్టెప్స్." వ్యాకరణంలో వేలు పెట్టి చూపడానికి ఒక్క తప్పు లేదు. స్పెల్లింగులన్నీ సరిగ్గా ఉన్నాయి. "తప్పుల్లేవు కదా సార్, మరి మార్కులు ఎందుకు తగ్గించారు?" అని ఆ అబ్బాయి అడిగాడు.

అతను ఆరు విషయాలు ఎత్తుకున్నాడు, ఒక్కదాన్నీ చివరిదాకా చెప్పలేదు. అందుకే తగ్గించాను. వానలు తక్కువైతే మనిషి ఊరు ఎందుకు వదలాలి? వాన తక్కువైన ఊళ్లోనే ఉండిపోయినవారు కూడా ఉన్నారు కదా, వారికీ వెళ్లిపోయినవారికీ తేడా ఎక్కడ వచ్చింది? ఆసుపత్రి దూరమైనంత మాత్రాన ఇరవై ఏళ్ల కుర్రవాడు ఊరు విడుస్తాడా? వీటికి జవాబులు మనకు తెలుసు కాబట్టి, మన పత్రాన్ని మనమే చదువుకుంటే ఎక్కడా లోటు కనిపించదు. మధ్యలోని ఖాళీలను మన అనుభవమే నింపేస్తుంది. దిద్దేవారు అలా నింపుకోరు, నింపుకోకూడదు కూడా. కాగితం మీద ఉన్నదానికే వారు మార్కు వేయాలి.

ఐఈఎల్‌టీఎస్ రైటింగులోని రెండో టాస్కును, అంటే వ్యాసాన్ని, నాలుగు కొలమానాలతో దిద్దుతారు: అడిగినదానికి ఎంతవరకు స్పందించారు, భావాలను ఎలా వరుసలో కూర్చారు, పదసంపద ఎలా ఉంది, వ్యాకరణం ఎలా ఉంది. నాలుగింటికీ సమానమైన విలువ. భావాలను విస్తరించడం అన్నది వీటిలో మొదటిదాని కిందికి వస్తుంది. ఏడో బ్యాండుకు (బ్యాండు అంటే ఆ పరీక్షలో ఇచ్చే స్కోరు) ప్రధాన భావాలను చెప్పి, విస్తరించి, బలపరచి ఉండాలని ఆ పరీక్ష ప్రమాణాలలోనే ఉంది. ఆరో బ్యాండు దగ్గరకు వచ్చేసరికి భావాలు సందర్భానికి తగినవే అయినా కొన్ని తగినంతగా విస్తరించలేదని ఉంటుంది. ఆరు దగ్గర, ఆరున్నర దగ్గర ఆగిపోయి వ్యాకరణ పుస్తకాలను మళ్లీ మొదటి నుంచి తిరగేసే పిల్లలను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వారి లోటు చాలాసార్లు ఆ పుస్తకాలలో లేదు. సివిల్స్ మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లీషు అర్హత పత్రం రాసేవారికీ, గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు రాసేవారికీ, డిగ్రీలో ఇంగ్లీషు వ్యాసాలు రాసేవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇంకొక సంగతి చెప్పి పద్ధతిలోకి వెళతాను. ఆ అబ్బాయిని పత్రం పక్కన పెట్టమని, "మీ ఊళ్లో ఎవరెవరు బెంగళూరుకు వెళ్లారు, ఎందుకు వెళ్లారు, తెలుగులో చెప్పు" అని అడిగాను. పది నిమిషాలు ఆగకుండా చెప్పాడు. వాళ్ల పెదనాన్న వేసిన శనక్కాయ, ఎండిన బోరు, విత్తనాలకు తెచ్చిన అప్పు, అన్న చేరిన కట్టడం పని, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కాబట్టి భావాలు లేక జవాబు పలచబడుతోందన్నది నిజం కాదు. ఇంగ్లీషులో తర్వాతి వాక్యం తప్పు పోతుందేమోనన్న భయంతో, ఒక భావం సగంలో ఉండగానే దాన్ని వదిలేసి సులువుగా వచ్చే మరో కొత్త భావానికి దూకుతున్నాం. ఈ దూకుడును ఆపడమే కింద చెప్పే పద్ధతి అంతా.

ప్రశ్న ఏం అడిగిందో చూడండి

ఇది చిన్న మెట్టే గాని దాటవేయకండి. కారణాలు, పరిష్కారాలు రెండూ అడిగారా, రెండు వాదనలనూ చర్చించి మీ అభిప్రాయం చెప్పమన్నారా, ఎంతవరకు అంగీకరిస్తారని అడిగారా అన్నది చూసి, అడిగిన పనుల కింద పెన్సిలుతో గీత గీయండి. ఎన్ని గీతలు పడ్డాయో అన్ని పనులూ మీ జవాబులో కనిపించాలి. ఒక పనిని పూర్తిగా వదిలేస్తే మిగిలినది ఎంత విస్తరించి రాసినా ఆ లోటు తీరదు.

తోచినవన్నీ రాసుకుని, రెండే ఉంచుకోండి

ప్రశ్న చదవగానే తోచిన విషయాలన్నీ ఒకటి రెండు మాటల్లో చిత్తుగా రాసుకోండి. ఆరు రావచ్చు, ఎనిమిది రావచ్చు. వాటిలో రెండింటిని ఉంచుకుని మిగిలినవి కొట్టివేయండి. ఇది అందరికీ కష్టమైన మెట్టు. తెలిసినది రాయకుండా వదిలితే మార్కు పోతుందేమోనన్న భయం మనకు చిన్నప్పటి నుంచి ఉన్నదే, ఎందుకంటే పాయింటుకు ఇన్ని మార్కులని లెక్క కట్టే పరీక్షల్లో పెరిగాం. కానీ ఇక్కడి లెక్క వేరు. ఐఈఎల్‌టీఎస్ రెండో టాస్కుకు కనీసం 250 పదాలు రాయాలి, దానికి సూచించిన సమయం 40 నిమిషాలు. ఆరంభానికీ ముగింపుకూ కలిపి 70 పదాలు పోతే మిగిలేవి 180. ఆరు భావాలకు వాటిని పంచితే ఒక్కొక్క దానికి 30 పదాలు, అంటే రెండు వాక్యాలు. రెండు వాక్యాలలో ఏ భావమూ నిలదొక్కుకోదు. రెండే భావాలైతే ఒక్కొక్క దానికి 90 పదాలు దక్కుతాయి, ఆ జాగాలో ఒక విషయాన్ని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పవచ్చు.

ఏ రెండింటిని ఉంచుకోవాలన్నదానికి నేను చెప్పే పరీక్ష ఒకటే. ఈ విషయం గురించి మా అవ్వకు తెలుగులో ఐదు నిమిషాలు చెప్పగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. చెప్పగలిగినదాన్ని ఉంచుకోండి. ప్రపంచీకరణ, సుస్థిర అభివృద్ధి, మౌలిక సదుపాయాలు వంటి పెద్ద మాటలు చూసి దిద్దేవారు మెచ్చుకుంటారని చాలామంది అనుకుంటారు; ఆ మాటలతో మొదలైన పేరా మూడో వాక్యానికే ఊపిరి అందక ఆగిపోవడం నేను తరచుగా చూస్తుంటాను. మీకు శనక్కాయ సేద్యం తెలిస్తే దాని గురించి రాయండి. ఆదోనిలో పత్తి వ్యాపారం చూసి పెరిగినవారైతే దాని గురించి రాయండి.

నాలుగు ప్రశ్నలు వేయండి: ఎందుకు, ఎలా, ఎవరికి, దానివల్ల ఏమైంది

ఇది ఈ పద్ధతికంతటికీ గుండెకాయ వంటి మెట్టు కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. ఆ విద్యార్థి రాసిన మొదటి వాక్యాన్నే తీసుకోండి: "పల్లెల్లో వానలు తక్కువ, అందుకే యువత నగరాలకు వెళుతున్నారు." ఈ వాక్యంలో "తక్కువ" అన్న మాటకూ "వెళుతున్నారు" అన్న మాటకూ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఒక గట్టు మీద వాన లేకపోవడం ఉంది, ఇంకొక గట్టు మీద బెంగళూరు ఉంది, మధ్యలో వంతెన లేదు.

వాన తక్కువైతే ఎందుకు నష్టం? ఎందుకంటే ఈ నేలలో ఎక్కువమంది వాన మీదే ఆధారపడి వేరుశనగ వేస్తారు. ఎలా నష్టం? అనంతపురంలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కానీ మొత్తం ఎంత పడిందన్నదాని కన్నా ఎప్పుడు పడిందన్నది పంటకు ముఖ్యం. వేరుశనగ పూత పూసిన తర్వాత ఊడలు దిగి నేలలోకి దూరి కాయగా మారతాయి. ఆ రోజుల్లో నేలలో పదును లేకపోతే ఎర్రనేల పైపొర గట్టిపడి ఊడ లోపలికి దిగదు, దిగినా కాయ ఊరదు. పైన పచ్చగా కనిపించిన చేను పీకి చూస్తే కింద బుడ్డలు ఉండవు. ఎవరికి నష్టం? విత్తనాలకూ ఎరువులకూ అప్పు తెచ్చిన చిన్న రైతుకు. పంట పోయినంత మాత్రాన అప్పు పోదు కదా. దానివల్ల ఏమైంది? వడ్డీ కట్టడానికి నెలనెలా చేతికి డబ్బు అందే పని కావాలి, ఊళ్లో అటువంటి పని లేదు, కాబట్టి ఇంట్లో వయసులో ఉన్నవారు ఒకరు రైలెక్కుతారు.

ఇప్పుడు వంతెన పడింది. వాన, ఊడ, అప్పు, వడ్డీ, నెల జీతం, వలస: ఒకదాన్ని పట్టుకుంటే ఇంకొకటి వస్తుంది. ఇదంతా ఆ అబ్బాయికి తెలిసినదే, నేను కొత్తగా చెప్పినది ఏమీ లేదు. దీన్ని చిత్తులో ఇలా రాసుకోమన్నాను:

"అనంతపురం దక్షిణ భారతంలోని ఒక మెట్ట జిల్లా. ఇక్కడి రైతుల్లో చాలామంది వాన మీద ఆధారపడి వేరుశనగ పండిస్తారు. కాయ ఊరే రోజుల్లో ఈ పంటకు నేలలో తడి తప్పనిసరి. ఆ కొద్ది వారాల్లో వాన రాకపోతే పంట చేతికి రాదు. కానీ విత్తనాల కోసం తెచ్చిన అప్పు అలాగే ఉంటుంది. ఆ అప్పు తీర్చడానికి కుటుంబానికి ప్రతి నెలా కొంత ఆదాయం కావాలి. ఊరు ఆ ఆదాయం ఇవ్వలేదు. కాబట్టి ఇంట్లోని యువకుడు బెంగళూరుకు వెళ్లి కట్టడం పనిలో చేరతాడు. అంటే అతన్ని ఊరు దాటించినది నగరం మీది మోజు కాదు, ఒక్క వానకు తలకిందులయ్యే ఆదాయం."

తొమ్మిది వాక్యాలు ఉన్నాయి, భావం మాత్రం ఒక్కటే. చివరి వాక్యాన్ని గమనించండి. అది ప్రశ్న దగ్గరకు తిరిగి వచ్చింది. శనక్కాయ గురించి ఎంత చక్కగా రాసినా, యువత ఎందుకు వెళుతున్నారన్న ప్రశ్నకు ముడి వేయకుండా ఆపితే అది వ్యవసాయ పాఠం అవుతుందే గాని జవాబు కాదు.

ఇలా విప్పి చెప్పడంలో ఇంకొక లాభం ఉంది, అది నాకు చాలా ఇష్టమైనది. కారణాన్ని పూర్తిగా చెప్పినవారికి పరిష్కారం వెతుక్కునే పని ఉండదు, అందులోంచే పుడుతుంది. "వానలు తక్కువ" అని ఆపినవారు పరిష్కారం దగ్గర ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలని తప్ప ఏమీ రాయలేరు. "ఒక్క వానకు తలకిందులయ్యే ఆదాయం" దాకా వచ్చినవారికి, ఆ ఆదాయానికి రెండో కాలు ఎలా ఇవ్వాలన్నది వెంటనే తోస్తుంది: తక్కువ నీటితో పండే కొర్ర, జొన్న వేయడం, గొర్రెల పెంపకం, పంట బీమా డబ్బు సమయానికి అందడం, ఊరికి దగ్గరలో ఏడాది పొడుగునా నడిచే పని ఉండటం. వీటిలో ఒక్కటి తీసుకుని మళ్లీ అవే నాలుగు ప్రశ్నలు వేస్తే రెండో పేరా సిద్ధమవుతుంది.

తెలుగు చిత్తును ఇంగ్లీషులో పెట్టేటప్పుడు

తెలుగులో ఆలోచించకండి, నేరుగా ఇంగ్లీషులోనే ఆలోచించండి అని చాలా చోట్ల చెబుతారు. పదేళ్లు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు ఆ సలహా ఇవ్వడం నాకు సరైనదిగా అనిపించదు. ఆలోచన ఏ భాషలో చురుగ్గా నడుస్తుందో ఆ భాషలోనే నడవనివ్వండి. జాగ్రత్త పడవలసినది వాక్యం కట్టేటప్పుడు.

తెలుగులో మనం "పొద్దున్నే లేచి, చేనుకు పోయి, పంట చూసి, బాధపడి ఇంటికి వచ్చాడు" అని ఎన్ని పనులనైనా ఒకే వాక్యంలో గుచ్చగలం. దీన్ని అలాగే ఇంగ్లీషులో పెట్టబోతే "ఆఫ్టర్ గోయింగ్, ఆఫ్టర్ సీయింగ్" అంటూ వాక్యం చిక్కుపడుతుంది. కాబట్టి పై చిత్తులో లాగా ముందే చిన్న చిన్న వాక్యాలుగా విడగొట్టి, ఒక్కో వాక్యంలో ఎవరు, ఏం చేశారు అన్న రెండూ స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి. తెలుగులో కర్తను చెప్పకపోయినా క్రియను బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో కర్త లేకపోతే వాక్యమే నిలబడదు. ఇంగ్లీషులో పెట్టిన తర్వాత రెండు మూడు చోట్ల బికాజ్, విచ్, సో వంటి మాటలతో పక్కపక్క వాక్యాలను కలిపితే చాలు, చదవడానికి సాఫీగా ఉంటుంది.

కలిపే మాటల విషయంలో ఒక చిన్న లెక్క చేయండి. మీ పాత జవాబు ఒకటి తీసి మోరోవర్, ఫర్దర్‌మోర్, ఇన్ అడిషన్ అన్నవి ఎన్ని ఉన్నాయో, బికాజ్, దిస్ మీన్స్, యాజ్ ఎ రిజల్ట్ అన్నవి ఎన్ని ఉన్నాయో విడిగా లెక్కపెట్టండి. మొదటి రకం మాటలు కొత్త విషయాన్ని తెచ్చి పక్కన పెడతాయి. రెండో రకం మాటలు ఉన్న విషయాన్నే ముందుకు నడిపిస్తాయి. మొదటివి ఎక్కువై రెండోవి తక్కువైతే, మీరు భావాలను విప్పడం లేదు, పోగు చేస్తున్నారని అర్థం.

"ఫర్ ఎగ్జాంపుల్" తర్వాత నిజంగా ఉదాహరణే రావాలి

"కాలుష్యం ఆరోగ్యానికి హాని చేస్తుంది. ఉదాహరణకు, నగరాల్లో చాలామంది జబ్బు పడుతున్నారు." ఈ రెండో వాక్యం ఉదాహరణ కాదు, మొదటి వాక్యాన్నే ఇంకొక రకంగా చెప్పడం. ఉదాహరణ అంటే ఒక చోటు, ఒక మనిషి, ఒక ఏడాది, ఒక సంఘటన, వీటిలో కనీసం ఒక్కటైనా ఉండాలి. మీ సొంత జ్ఞానం నుంచి గాని అనుభవం నుంచి గాని తగిన ఉదాహరణలు ఇవ్వమని ఐఈఎల్‌టీఎస్ ప్రశ్న కిందనే అడుగుతారు. మనవాళ్లు మాత్రం ఉదాహరణ అనగానే అమెరికాకో జపాన్‌కో వెళ్లిపోతారు, అక్కడి సంగతి సగం సగం తెలిసి ఉండటంతో అది ఒక వాక్యంతో ఆగిపోతుంది.

మన చుట్టూ ఉన్నదాన్ని చూడండి. అభివృద్ధి ముఖ్యమా, పర్యావరణం ముఖ్యమా అన్న ప్రశ్న ఈ పరీక్షల్లో ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కడప జిల్లా పిల్లలు దానికి కలివికోడిని మించిన ఉదాహరణ కోసం వెతకనక్కరలేదు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని అందరూ అనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి, ముళ్ల పొదల మధ్య ఖాళీ నేల దానికి కావాలి. దాని కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది, ఆ ప్రాంతం మీదుగా వెళ్లవలసిన తెలుగు గంగ కాలువ దారిని మార్చారు. దీన్ని ఉదాహరణగా తీసుకున్నవారు ఊరికే "పర్యావరణాన్ని కాపాడాలి" అనరు. కాలువ రైతులకు అవసరమే, పక్షికి ఆ నేల తప్ప ఇంకో నేల లేదు, కాలువకు మాత్రం ఇంకో దారి ఉంది, కాబట్టి రెండింటిలో మారగలిగినది ఏదో అదే మారాలి అని వాదించగలుగుతారు. అటువంటి వాదన చదివిన వెంటనే దిద్దేవారికి, ఈ విద్యార్థి ఆలోచించి రాశాడని తెలుస్తుంది.

కర్నూలువారికి 2009 అక్టోబరు వరద గుర్తుండే ఉంటుంది, లేదా ఇంట్లో పెద్దవారు చెప్పి ఉంటారు. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉన్న ఊరు కాబట్టి నీరు ఊళ్లోకి ఎలా వచ్చిందో, మొదట ఏ వీధులు మునిగాయో ఇంట్లో అడిగి తెలుసుకుంటే, నగరాల నిర్మాణం మీద వచ్చే ఏ ప్రశ్నకైనా అది పనికి వస్తుంది. పునరుత్పాదక విద్యుత్తు గురించి అడిగితే ఓర్వకల్లు వైపు ఉన్న 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, దిద్దేవారు ఎక్కడో దూరాన ఉండవచ్చు, వారికి అనంతపురం అంటే ఏమిటో తెలియదు. అందుకే పై చిత్తులో మొదటి వాక్యం "దక్షిణ భారతంలోని ఒక మెట్ట జిల్లా" అని పరిచయం చేసింది. ఆ ఒక్క ముక్క లేకపోతే మిగిలిన ఎనిమిది వాక్యాల బలం సగం తగ్గుతుంది. రెండోది, లేని సర్వేలు, లేని శాతాలు కల్పించకండి. ఫలానా విశ్వవిద్యాలయం వారు 85 శాతమని తేల్చారు అని రాయడం కొందరికి అలవాటుగా మారింది. నిజంగా చూసిన ఒక్క ఎండిన బోరు ముందు ఆ అంకె తేలిపోతుంది, పైగా అబద్ధం రాయడం మనకు మంచిది కాదు.

గద్యభాగం ఇచ్చి అడిగినప్పుడు

భావాన్ని విప్పడం అన్నది వ్యాసాలకే పరిమితం కాదు. ఒక గద్యభాగం ఇచ్చి, రచయిత భాషను ఎలా వాడుకున్నాడో చెప్పమంటారు. అక్కడ కూడా మనవారు పేరు పెట్టి వదిలేస్తారు: ఇది రూపకం, ఇది మానవత్వారోపణ, చాలా ప్రభావవంతంగా ఉంది. పేరు తెలియడం మంచిదే గాని ఆ పేరుతో పని మొదలవుతుందే తప్ప పూర్తి కాదు.

నేను తరగతిలో ఒక వాక్యం రాసి ఇస్తుంటాను: "ఆ ఎండాకాలం ఊరి బావి నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయింది." దీని మీద ఏం చెప్పవచ్చో చూడండి. ముందు ఒక్క మాటను పట్టుకోండి: నోరు. నోరు తెరుచుకుని ఉండేది ఎవరు? దప్పికతో ఉన్నవారు. బావి అంటే మన దప్పిక తీర్చేది. ఇక్కడ ఆ బావికే దప్పికైంది, ఇచ్చే చెయ్యే చాచవలసి వచ్చింది. తర్వాత రెండో మాట: ఆకాశం వైపు. బావికి నీరు భూమిలోంచి ఊరాలి. అది ఆకాశం వైపు చూస్తోందంటే భూమి మీద ఆశ వదులుకుందన్నమాట. మూడో మాట చిన్నది, చాలామంది కంట పడదు: ఉండిపోయింది. చూసింది అనలేదు, చూస్తూ ఉండిపోయింది అన్నాడు. వాన రాలేదని ఎక్కడా చెప్పకుండానే ఆ క్రియతో చెప్పాడు.

ఒక్క వాక్యంలోంచి మూడు మాటలు తీసి, ఒక్కొక్క దానికి "ఈ మాట ఏం గుర్తు చేస్తుంది, దీనికి బదులు మామూలు మాట వాడి ఉంటే ఏం పోయేది" అన్న రెండు ప్రశ్నలు వేస్తే జవాబు తయారైంది. గద్యభాగంలోని పెద్ద పెద్ద వాక్యాలను యథాతథంగా ఎత్తి రాయడం మానేసి, ఒకటి రెండు మాటలను మాత్రమే ఉటంకించి, మీ మాటలు ఎక్కువ ఉండేటట్టు చూసుకోండి.

విప్పడం వేరు, సాగదీయడం వేరు

ఈ పద్ధతి నేర్చుకున్న కొత్తలో కొందరు ఒకే మాటను మూడు రకాలుగా చెప్పి, విస్తరించామని అనుకుంటారు. "విద్య చాలా ముఖ్యం. విద్య లేకుండా జీవితం కష్టం. కాబట్టి విద్య అందరికీ అవసరం." ఇందులో అడుగు ముందుకు పడలేదు. పరీక్షించడానికి ఒక సులువైన మార్గం ఉంది. పేరాలో ఒక వాక్యాన్ని చేత్తో మూసి మిగిలినది చదవండి. ఏమీ పోయినట్టు అనిపించకపోతే ఆ వాక్యం సాగదీసినది. తర్వాతి వాక్యం అర్థం కాకుండా పోతే అది అక్కడ ఉండవలసినదే. శనక్కాయ పేరాలో అప్పు గురించిన వాక్యాన్ని మూసి చూడండి. నెలనెలా ఆదాయం ఎందుకు కావాలో అర్థం కాదు.

ఎదుటి వాదనను తీసుకోవడం కూడా విప్పడంలో భాగమే. నగరాల్లో జీతాలు ఎక్కువన్నది నిజమే అని ఒక వాక్యంలో ఒప్పుకుని, అయితే అక్కడి అద్దె కట్టిన తర్వాత ఇంటికి పంపగలిగేది ఎంతో చూడాలి అని తర్వాతి వాక్యంలో తిప్పండి. ఒక పేరాకు ఒక్కసారి చాలు. ప్రతి భావానికీ ఎదురు వాదన పెడితే మీ అభిప్రాయం ఎటో తెలియకుండా పోతుంది.

సాధన, సమయం

పరీక్షకు నెల రోజుల ముందు నుంచి రోజుకు ఒక్క పేరా చాలు, పూర్తి వ్యాసం అక్కరలేదు. ఇద్దరు కూర్చుని చేస్తే ఇంకా మంచిది. ఒకరు ఒక వాక్యం చెప్పాలి, ఇంకొకరు "అయితే ఏంటి?" అని అడగాలి. చెప్పినవారు దానికి జవాబుగా ఇంకో వాక్యం చెప్పాలి. ఐదుసార్లు అడిగేదాకా ఆపకూడదు. మొదటి వారం తెలుగులో చేయండి, రెండో వారం నుంచి ఇంగ్లీషులో చేయండి. గదుల్లో కలిసి ఉండి చదువుకునేవారికి ఇది సాయంత్రం టీకి నడుచుకుంటూ వెళ్లి వచ్చేలోపు అయ్యే పని. వ్యాసాలు కంఠస్థం చేయడం మాత్రం ఈ నెల రోజులూ పూర్తిగా పక్కన పెట్టండి. అరువు తెచ్చుకున్న పేరాకూ సొంత పేరాకూ మధ్య భాష తేడా దిద్దేవారికి తేలికగా తెలిసిపోతుంది.

పరీక్ష గదిలో 40 నిమిషాలు ఉంటే మొదటి ఎనిమిది నిమిషాలు చిత్తుకు ఇవ్వండి. పక్కవారు అప్పటికే అర పేజీ నింపేసి ఉంటారు, చూసి కంగారు పడకండి. 27 నిమిషాలు రాయడానికి సరిపోతాయి, ఎందుకంటే ఏం రాయాలన్న ఆలోచన అప్పటికే అయిపోయింది. సివిల్స్ ఇంగ్లీషు పత్రంలోని 600 పదాల వ్యాసానికి కూడా ఇదే వరుస పాటించండి, కాకపోతే రెండు భావాలకు బదులు నాలుగు లేదా ఐదు తీసుకోవచ్చు.

చివరి ఐదు నిమిషాల్లో వ్యాకరణం చూసుకునే ముందు ప్రతి పేరా మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ మాత్రమే వరుసగా చదవండి. మొదటి వాక్యంలో లేనిది ఏదైనా చివరి వాక్యంలోకి వచ్చిందా, వచ్చినది ప్రశ్నకు సంబంధించినదేనా అని చూడండి. రెండూ ఒకే మాట చెబుతుంటే మధ్యలో భావం కదలలేదని అర్థం. అప్పుడు చివరి వాక్యాన్ని కొట్టివేసి, "దిస్ మీన్స్ దట్" అని మొదలుపెట్టి, ఆ పేరాలో మీరు నిజంగా చెప్పదలచుకున్నదాన్ని దాని స్థానంలో రాయండి. కళ్యాణదుర్గం అబ్బాయి రెండోసారి రాసిన పత్రంలో అక్కడ ఒక కొట్టివేత ఉంది. కొట్టివేసిన వాక్యం వానలు తక్కువన్నది. దాని పైన సన్నని అక్షరాలతో, ఊళ్లో నెల జీతం దొరికి ఉంటే మా అన్న ఇంట్లోనే ఉండేవాడు అని ఇంగ్లీషులో రాశాడు.